అత్తగారి ఓటు

ఫుట్‌బాల్ క్లబ్బులో కోచ్ దగ్గర్నుంచి గేటు దగ్గర కూర్చునే మనిషి దాకా అందరూ ఆమెని "అత్తగారూ" అనే పిలుస్తారు. చెప్పొద్దూ, ఆమె నిజంగా అత్తగారు ఒక్కడికే. నాలుగో నంబరు జెర్సీ వేసుకునే డిఫెండరుకి. ఏడేళ్ల కిందట అతను ఆమె కూతుర్ని చేసుకున్నప్పుడు తోటి ఆటగాళ్లు వేళాకోళానికి మొదలుపెట్టిన పిలుపు అది. వేళాకోళం పోయింది, పిలుపు మిగిలింది. ఇప్పుడెవరైనా అసలు పేరుతో పిలిస్తే ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆమె పని ఆటగాళ్ల బట్టలు ఉతకడం. ప్రేక్షకులు కూర్చునే మెట్ల కింద పొడుగాటి గది ఆమెది. రెండు పెద్ద మెషిన్లు, ఆరబెట్టే మెషిన్ ఒకటి, నానబెట్టడానికి సిమెంటు తొట్టి, మూలన ఒక కుట్టుమిషను. పన్నెండేళ్లుగా అక్కడే ఉంది గానీ ఒక్క ఆటయినా మొదటినుంచి చివరిదాకా చూసిన పాపాన పోలేదు. పైన ఆట జరుగుతున్నంతసేపూ ఆమె కింద, విరామంలో మార్చుకునే రెండో జత సర్దుకుంటూ ఉంటుంది. నెత్తిమీద జనం కాళ్ల చప్పుడు, అరుపులు, ఈలలు. ఆమెకి తెలిసిన ఫుట్‌బాల్ అంతే.

"ఆట చూడాల్సిన ఖర్మ నాకేంటి? మర్నాడు పొద్దున తొట్టి దగ్గర కూర్చుంటే ఎవడెంత ఆడాడో బట్టలే చెప్తాయి. మనుషులు అబద్ధాలాడతారు గానీ మరకలాడవు," అనేది ఆమె సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ప్రకారం క్లబ్బులో మొనగాడు ఆరో నంబరు. అతన్ని అందరూ జారుడుబండ అంటారు. ఎదుటివాడు బంతి తీసుకుని దూసుకొస్తుంటే నేలమీద నిలువునా పడి, పది అడుగులు జారి, బంతిని అవతలికి తన్నేస్తాడట. అప్పుడే జనం లేచి నిలబడి మెట్లన్నీ అదరగొట్టేది. అతని షార్ట్సు ఉతకాలంటే ముందు బురద గీకాలి, తర్వాత నానబెట్టాలి, ఆ తర్వాత బ్రష్షు పట్టాలి. ఆమె నడుం పడిపోయేది. నోటితో తిట్టుకుంటూనే మనసులో మురిసిపోయేది. కష్టపడే బిడ్డ, వీడి తల్లి కడుపు చల్లగుండ అనుకునేది.

ఇక అల్లుడి బట్టల సంగతి చెప్పుకోకపోవడమే మేలు. చెమట వాసన తప్ప మరకన్నది ఉండేది కాదు. తొంభై నిమిషాలు ఆడి వచ్చాడో, ఆఫీసులో కుర్చీలో కూర్చుని వచ్చాడో తెలిసేది కాదు. మొదటి ఏడాది ఆమె ఏమీ అనుకోలేదు. రెండో ఏడాది కొంచెం అనుకుంది. ఏడేళ్లయ్యేసరికి ఆ శుభ్రం చూస్తేనే ఒళ్లు మండేది. పైగా ఆ జెర్సీకి ఇంకో జబ్బు. ఆట జరిగినప్పుడల్లా చంక కింద కుట్టు విడిపోయి వచ్చేది. ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని గొణుక్కుంటూ కుట్టేది. ఒళ్లు పెరుగుతోంది కాబోలు, ఒక సైజు పెద్దది తీసుకోమని అమ్మాయితో రెండుసార్లు చెప్పి పంపింది కూడా.

"మీ ఆయన జెర్సీ ఈసారీ మల్లెపువ్వులా వచ్చిందే," అనేది కూతురితో.

"నీకు పని తగ్గింది కదమ్మా, సంతోషించు."

"నాకు తగ్గితే తగ్గింది. ఆయనకి తగ్గితేనే కష్టం."

"నిండుకుండ తొణకదమ్మా!"

"ఖాళీ కుండ కూడా తొణకదే పిచ్చిమొహమా," అనేది ఈవిడ. మాటకి మాట అప్పజెప్పడంలో ఆమెని మించినవాళ్లు ఆ వీధిలో లేరు.

అలా ఉండగా, ఆటల కాలం ముగిసే వారంలో క్లబ్బు ప్రెసిడెంటు ఒక కాగితం అంటించాడు. ఆయన కొత్తగా వచ్చి ఏడాది కాలేదు, అన్నీ కొత్త పద్ధతులే. ముప్పై దాటిన ఆటగాళ్లలో ఇకనుంచి ఒక్కరినే ఉంచుకుంటారట. ముప్పై దాటినవాళ్లు ఇద్దరే ఉన్నారు, నాలుగో నంబరూ ఆరో నంబరూ. వాళ్లిద్దరిలో ఈ ఏడాది ఉత్తమ ఆటగాడెవరో క్లబ్బే ఓటేసి తేల్చాలట. గెలిచినవాడికి కప్పు, దాంతో పాటు రెండేళ్ల ఒప్పందం. ఓడినవాడికి నమస్కారం. ఆ ఇద్దరికీ ఓటు లేదు. మిగతా ఆటగాళ్లు, కోచ్‌లు, వంటాయన, బస్సు డ్రైవరు, గడ్డి కత్తిరించేవాళ్లు, ఆఫీసావిడ, అత్తగారు, అందరూ కలిపి ఇరవయ్యేడుగురికి తలా ఒక ఓటు.

ఆ సాయంత్రం కూతురు వాషింగు గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఐదేళ్ల మనవరాలు మాత్రం లోపలికొచ్చి తన చోట తాను కూర్చుని సాక్సులు జతలు కలపడం మొదలెట్టింది. బడినుంచి రాగానే రోజూ ఆ పిల్ల పని అదే. ముప్పై ఆరు జతలు కలిపితే గానీ ఇంటికి కదలదు.

"ఆయన్ని వేరే క్లబ్బువాళ్లు అడుగుతున్నారమ్మా," అంది కూతురు. "ఇక్కడ కాదంటే అక్కడికే వెళ్లాలి. రైల్లో రెండు రోజులు."

"రెండు రోజులా!"

"అవును. ఏడాదికోసారి కూడా రాలేమేమో. నీ ఓటు…"

"నా ఓటు సంగతి నాకు తెలుసులేవే. వెళ్లి పని చూసుకో."

కూతురు ఆ మాటని తనకి కావలసినట్టు అర్థం చేసుకుని ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయింది. ఈవిడ మాత్రం చీటీ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చుంది. రెండు రోజుల రైలు తలుచుకుంది. సాక్సులు కలిపే ఆ చిన్న చేతులు లేని గదిని ఊహించుకోలేకపోయింది. కానీ పన్నెండేళ్లలో ఒకరి జెర్సీకి సబ్బు ఎక్కువ, ఇంకొకరికి తక్కువ వేసిన మనిషి కాదు. కాకిపిల్ల కాకికి ముద్దు అని ఎవరైనా వేలెత్తి చూపిస్తే చచ్చినట్టే లెక్క. పైగా వంటాయన, డ్రైవరు, ఆఫీసావిడ, ఎవరి నోట విన్నా జారుడుబండ పేరే. అల్లుడికి మహా అయితే రెండు ఓట్లు పడతాయి. ఎలాగూ ఓడేవాడికి తన ఒక్క ఓటు వేసి ఏం లాభం? కనీసం న్యాయమైనా మిగులుతుంది.

పెన్ను కనపడలేదు. నడుముకి కట్టుకున్న సంచిలోంచి మార్కరు తీసింది. అది బట్టలమీద నంబర్లు వేసే మార్కరు, ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఊదారంగు ఇంకు. చీటీ మీద 6 అని వేసి, అలవాటు కొద్దీ దాని కింద ఒక గీత గీసింది. కాలర్ లోపల వేసే అంకె తలకిందులైతే ఆరు తొమ్మిదవుతుంది కదా, అందుకని పన్నెండేళ్లుగా ఆమె ఆరు కింద గీత గీస్తుంది. చీటీ నాలుగు మడతలు పెట్టి, వెళ్లి పెట్టెలో వేసి వచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

ఓట్ల లెక్కింపు క్లబ్బు భోజనాల హాల్లో పెట్టారు. బల్లలన్నీ గోడకి చేర్చి కుర్చీలు వేశారు. కోచ్ ఒక్కొక్క చీటీ విప్పి, అందరికీ కనపడేలా ఎత్తి చూపించి, నంబరు పైకి చదివేవాడు. ఆఫీసావిడ బోర్డుమీద గీతలు గీసేది. అత్తగారు మూడో వరసలో కూర్చుంది. పక్కనే కూతురు, ఒళ్లో మనవరాలు. రెండు వరసల ముందు అల్లుడు, ఎప్పట్లాగే ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో.

ఆరు. నాలుగు. నాలుగు. ఆరు. నాలుగు.

అత్తగారికి మొదటి ఆశ్చర్యం అక్కడే. రెండనుకున్నది అప్పుడే మూడైంది. ఇంకా మూడొంతుల చీటీలు పెట్టెలోనే ఉన్నాయి.

"అమ్మా, దాహం," అని మనవరాలు గొడవ మొదలెట్టింది. కూతురు బోర్డుమీంచి కళ్లు తిప్పుకోలేక తిప్పుకోలేక పిల్లని ఎత్తుకుని బయటికి వెళ్లింది. వాళ్లలా తలుపు దాటారో లేదో, కోచ్ ఇంకో చీటీ విప్పాడు. విప్పి ఒక్క క్షణం ఆగాడు. ఆగి, ఎత్తి చూపించాడు.

ఊదారంగు ఆరు. కింద గీత.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. అత్తగారికి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అమ్మ బాబోయ్! ఈ హాల్లో కూర్చున్న ప్రతి ఆటగాడి మెడ వెనకా ఆ చేతిరాతే. ఆ ఇంకే. పేరు రాసి సంతకం పెట్టినా ఇంతకన్నా బాగా తెలిసేది కాదు. రహస్యం రహస్యం అనుకున్నది ఊరంతా చాటింపు వేసుకున్నట్టయింది.

గోల్‌కీపరు కుర్చీలో వెనక్కి తిరిగి ఆమె వంకే చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏదో చూడకూడనిది చూసినట్టున్నాడు. ఆమె తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చుంది. కళ్లు మాత్రం ఆగలేదు, అల్లుడి వైపే వెళ్లాయి. అతను చీటీని చూశాడు. చూసి, కిందికి వంగి, బిగువుగానే ఉన్న బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

చీటీలు సాగిపోతూనే ఉన్నాయి. నాలుగు, ఆరు, నాలుగు, నాలుగు. కూతురు తిరిగొచ్చి కూర్చునేసరికి బోర్డుమీద రెండు వైపులా గీతలు సమానంగా ఉన్నాయి. ఆఖరికి ఆఫీసావిడ సుద్దముక్క కింద పెట్టింది. ఆరో నంబరుకి పద్నాలుగు. నాలుగో నంబరుకి పదమూడు.

పదమూడు! ఎవరు వాళ్లు? ఎక్కడినుంచి వచ్చారు? అత్తగారు చీర చెంగు కింద వేళ్లమీద లెక్కేసింది. పద్నాలుగులోంచి ఒకటి తీసి ఇటు వేసింది. ఇటు పద్నాలుగు, అటు పదమూడు. మళ్లీ లెక్కేసింది. ఎన్నిసార్లు లెక్కేసినా అంతే.

"ఒక్క ఓటమ్మా," అంది కూతురు ఆమె భుజమ్మీద వాలిపోయి. "ఒక్కటంటే ఒక్కటి. ఆ ఒక్కటీ వేసినవాళ్లెవరో గానీ వాళ్ల చేతులు పడిపోను!"

అత్తగారు తన రెండు చేతులూ చెంగులో దాచుకుంది. చుట్టూ చప్పట్లు కొడుతున్నారు.

మర్నాడు పొద్దున జారుడుబండ వాషింగు గదిలోకి వచ్చాడు. కప్పు చంకలో ఉంది. తిరుగుతున్న మెషిన్ మీద దాన్ని ఠక్కున పెట్టాడు. మెషిన్ అదురుకి కప్పు గడగడా వణకడం మొదలెట్టింది.

"ఎందుకండీ ఆ పని చేశారు?" అన్నాడు.

అత్తగారు నోరు వెళ్లబెట్టింది. గెలిచినవాడు కృతజ్ఞత చెప్పడానికొచ్చాడనుకుంది పాపం. "అదేంటి నాయనా, నీకు వేసినందుకు నన్నే తిడతావా?"

"తిట్టనా మరి? పొద్దుట్నుంచి మొహం ఎత్తుకు తిరగలేకపోతున్నాను. ఆ పదముగ్గురూ ఎవరనుకున్నారు? మా గోల్‌కీపరు. వెనక వరసలో ఆడేవాళ్లు. మధ్యలో ఆడేవాళ్లు. మైదానంలో ఆయన పక్కన నిలబడ్డ ప్రతివాడూ ఆయనకే వేశాడు. నాకెవరు వేశారు? వంటాయన, డ్రైవరు, ఆఫీసావిడ, ఎప్పుడూ ముందుకి తప్ప వెనక్కి చూడని కుర్రాళ్లు. దూరంనుంచి చూసేవాళ్లంతా నాకు. మీరైతే అసలు చూడనే చూడరు!"

"చూడకపోతేనేం, నీ బట్టలు నాకు తెలీదా? ఒళ్లు హూనం చేసుకుని…"

"నా బట్టలు!" అతను తల పట్టుకున్నాడు. "నేనెందుకు జారతాను అత్తగారూ? లేటుగా వస్తాను గనక. వాడు అప్పటికే నన్ను దాటేశాడు గనక. ముందు తప్పు చేస్తాను, తర్వాత నేలమీద పడి ఆ తప్పు దిద్దుకుంటాను. జనం ఈలలేస్తారు. ఆయనకి పడాల్సిన పనేంటి? బంతి వచ్చేసరికే ఆయన అక్కడుంటాడు. నేనెక్కడ నిలబడాలో కూడా వెనకనుంచి ఆయనే అరిచి చెప్తాడు. ఆట అయ్యాక ఇంట్లో ఆయన గొంతు ఎప్పుడైనా విన్నారా?"

విన్నది. ఆట ఉన్న రోజు రాత్రి అల్లుడు బొంగురుపోయిన గొంతుతో మాట్లాడతాడు. ఏడేళ్లుగా జలుబనుకుంది.

అయినా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్న మనిషాయె, అంత తేలిగ్గా ఒప్పుకుంటుందా? "ఏమో నాయనా, ఒళ్లు వంచి పనిచేసినవాడి బట్ట నలుగుతుంది, అంతే నాకు తెలుసు," అంటూ కుట్టుమిషను వైపు తిరిగింది. అక్కడ అల్లుడి ఆఖరి ఆట జెర్సీ ఉంది. చంక కింద జానెడు మేర విడిపోయింది. సూది కింద పెట్టింది.

"అదేంటి, దేనికి కుడుతున్నారు?" అన్నాడు జారుడుబండ దగ్గరికొచ్చి.

"ఎప్పుడూ ఉండేదేలే. వారం వారం చంక కింద పోతుంది. ఒళ్లు పెరిగి బిగువైపోతోంది."

అతను ఆ చిరుగు వంకా ఆమె మొహం వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "బిగువు కాదండీ. ఎదుటివాళ్లు పట్టుకు లాగుతారు. రెఫరీ చూడనప్పుడు, వెనకనుంచి, గుప్పిళ్లతో. దాటలేనివాణ్ణేగా ఎవరైనా పట్టుకు లాగేది? నన్నెందుకు లాగుతారు, ఎలాగూ దాటిపోతారు. నా జెర్సీకి ఎప్పుడైనా చంక కింద కుట్టు వేశారా మీరు?"

ఆమె లేచింది. ఉతకని బట్టల బండి దగ్గరికెళ్లి ఆరో నంబరు తీసి తిరగేసింది. బురద, గడ్డి మరక. కుట్లు గట్టిగా ఉన్నాయి. రెండో నంబరు, మూడు, ఐదు, ఒక్కొక్కటే తిరగేసింది. ఎక్కడా కుట్టు కదల్లేదు. ఏడేళ్లుగా ఆమె సూది దిగింది ఒక్క నాలుగో నంబరు చంకలోకే. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసీ ఒక్కసారి ఆలోచించలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టని ఎంతమందిని వెక్కిరించింది జన్మలో! ఇప్పుడా సామెత వచ్చి ఎదురుగా నిలబడింది.

"అయ్యయ్యో," అంది. ఏడేళ్లు, ఆటకొక కుట్టు, తన చేత్తోనే వేసింది.

"నా రెండేళ్లూ ఆయనకిమ్మని ప్రెసిడెంటుగారిని అడిగి వచ్చాను," అన్నాడు జారుడుబండ కప్పు తీసుకుంటూ. "కుదరదన్నారు."

అతను వెళ్లగానే ఆమె తడి చేతులు తుడుచుకోకుండానే పైకి బయల్దేరింది. పన్నెండేళ్లలో ఆ మెట్లెక్కడం అదే మొదలు. ప్రెసిడెంటు గదిలో ఫోను చూసుకుంటున్నాడు.

"నా ఓటు తప్పు పడిందండీ. మార్చుకుంటాను," అంది ఆమె గుమ్మంలోంచే.

"మీరు…?"

"అత్తగార్నండీ. అంటే, బట్టలు ఉతుకుతాను. కింద."

"ఓహో! బట్టలు ఉతకడానికి మనకి సొంత మనిషి ఉన్నారా?" ఆయన మొహం నిజంగానే వెలిగింది. "నేనింకా బయటికిస్తున్నారనుకున్నానే. చూశారా, వచ్చిన దగ్గర్నుంచి బట్టల మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. అందుకే మీరున్నట్టే నాకు తెలీలేదు."

మెచ్చుకోలుగానే అన్నాడు. ఆమెకి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. మరక లేదు గనక పనే లేదని తను అల్లుడి గురించి ఏడేళ్లుగా అన్నదీ అలాంటి మాటే.

"ఇక ఓటంటారా, వేసేసింది వేసేసినట్టేనమ్మా. ఒకరికి మారిస్తే అందరూ మార్చమంటారు," అన్నాడాయన ఫోను వైపు తిరుగుతూ. ఆమె కిందికి దిగొచ్చేసింది. ఎలా దిగిందో గుర్తులేదు. ఆరబెట్టే మెషిన్ ఎప్పుడో ఆగిపోయి కూత పెడుతోంది.

పది రోజుల తర్వాత కూతురి ఇల్లు పెట్టెలకెక్కింది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. అల్లుడు తెల్లవారినప్పటినుంచి పెట్టెలు కట్టి కిందికి మోస్తున్నాడు. మనవరాలు అతని చొక్కా పట్టుకుని వేలాడుతూ మెట్లన్నీ ఎక్కుతోంది, దిగుతోంది. అత్తగారు వంటగదిలో గిన్నెలకి కాగితాలు చుడుతోంది. ఈ పది రోజుల్లో కూతురితో పది మాటలు కూడా మాట్లాడలేదు. నిజం గొంతులో ముల్లులా దిగబడి ఉంది. మింగలేదు, కక్కలేదు.

కూతురు వచ్చి ఎదురుగా నిలబడింది. చేతిలో గ్లాసు పట్టుకుని ఉంది గానీ కాగితం చుట్టడం లేదు.

"అమ్మా, ఒకటడుగుతాను. నిజం చెప్పు."

అత్తగారి చేతిలో కాగితం నలిగిపోయింది.

"నిన్న గోల్‌కీపరు వాళ్లావిడ వచ్చింది, వెళ్తున్నామని చూడ్డానికి. మాటల మధ్యలో ఏదో నసిగింది. లెక్కింపులో ఊదారంగు చీటీ ఒకటి వచ్చిందట. నేను పిల్లకి నీళ్లు పట్టించడానికి వెళ్లినప్పుడట. అది నీ మార్కరే కదా. దాని మీద ఎంతుందో మాత్రం ఎంతడిగినా చెప్పలేదు. మాట మార్చేసింది." కూతురు ఒక అడుగు ముందుకేసింది. "ఎందుకు మార్చింది? నువ్వు ఎవరికేశావమ్మా?"

చెప్పెయ్యాలి. ఇంకెన్నాళ్లు? చెప్తే ఈ పిల్ల ఇంక తన గడప తొక్కదు. ఉత్తరం ముక్క కూడా రాయదు. రెండు రోజుల రైలు అవతల మనవరాలు పెరుగుతుంది, అమ్మమ్మ మొహం మర్చిపోతుంది. తెలిసీ అత్తగారు నోరు తెరిచింది.

"నేను…"

"ఊదారంగు చీటీయేనా?"

అల్లుడు. పక్కగదిలో పెట్టెకి టేపు వేస్తున్న మనిషి ఎప్పుడు వచ్చాడో, ఎలా వచ్చాడో, తల్లికీ కూతురికీ సరిగ్గా మధ్యలో నిలబడి ఉన్నాడు. ఏమీ జరగనట్టు, చేతిలో టేపు చుట్టతో.

"నాలుగు," అన్నాడు. "నేను చూశాగా. కోచ్ చీటీ ఎత్తి చూపించగానే అందరూ నవ్వారు, అత్తగారు అల్లుడికే వేసుకుందని. ఆవిడకి మొహమాటమేసి నీకు చెప్పి ఉండదు. రోజూ నా మెడ వెనక ఉండే అంకె, ఆ మాత్రం నాకు తెలీదా?"

కూతురు ఒక్క నిమిషం ఇద్దరి వంకా చూసింది. గ్లాసు పక్కన పెట్టి తల్లిని వాటేసుకుని భోరుమంది. "క్షమించమ్మా. పది రోజుల్నుంచి నిన్నే అనుమానిస్తున్నాను. కన్నతల్లిని! నాకు బుద్ధి లేదు."

అత్తగారికి కూతురి వీపు మీద చెయ్యి వేద్దామన్నా చెయ్యి లేవలేదు. కూతురి భుజం మీంచి అల్లుణ్ణి చూసింది. అతను కళ్లతోనే చిన్నగా అన్నాడు, వద్దని.

పన్నెండేళ్లలో ఆమె చూసిన మొదటి ఆట అదే. ఎదుటివాడు వచ్చేసరికే ఇతను అక్కడున్నాడు. ఎవరూ పడలేదు. ఏదో జరగబోయిందని కూడా కూతురికి తెలీదు.

కూతురు మొహం కడుక్కోడానికి వెళ్లింది. అల్లుడు గిన్నెల పెట్టె ఎత్తబోయాడు. పొద్దుట్నుంచీ మూడంతస్తులు ఎక్కి దిగుతున్న మనిషి, చొక్కా మీద దుమ్ము మరకైనా లేదు. చంక కింద మాత్రం కుట్టు విడిపోయి ఉంది. మనవరాలు ఇంకా ఆ చొక్కా పట్టుకునే ఉంది.

"ఆ పెట్టె దింపండి బాబూ," అంది అత్తగారు. "చొక్కా విప్పివ్వండి, కుట్టేస్తాను."

"పర్లేదు అత్తయ్యా, ఈసారి ఒక సైజు పెద్దది కొనుక్కుంటాలెండి," అన్నాడతను నవ్వుతూ.

ఆమె నవ్వలేకపోయింది. "సైజు సరిగ్గానే ఉంది బాబూ," అంది. నడుముకున్న సంచిలోంచి సూదీ దారమూ తీసింది. కళ్లనిండా నీళ్లు నిండి బెజ్జం కనపడలేదు. నాలుగుసార్లు ప్రయత్నించాక మనవరాలే సూది లాక్కుని దారం ఎక్కించి ఇచ్చింది.